సాధకానికి ఏ మెట్రోనోమ్ కొనాలి? నేను వాడుతున్న కోర్గ్ ఎంఏ-2, చూసిన మరికొన్ని

హైదరాబాద్ నల్లకుంటలో మా ఇంట్లోనే వయొలిన్ పాఠాలు చెబుతాను. వచ్చే పిల్లల్లో చాలామంది కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్ళే. కొందరు ట్రినిటీ గ్రేడ్ పరీక్షల కోసం వెస్టర్న్ కూడా వాయిస్తారు. సరళీ స్వరాలు (మొట్టమొదటి స్వర పాఠాలు) రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి వచ్చేసరికి అమ్మానాన్నల దగ్గర నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: "మేడం, ఇంట్లో వాయిస్తుంటే స్పీడు పెరిగిపోతోందండీ. మెట్రోనోమ్ కొనమంటారా? ఏది కొనాలి?" మెట్రోనోమ్ అంటే మనం పెట్టిన వేగానికి సమంగా టిక్ టిక్‌మని కొట్టే పరికరం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే, నేను వాడినవీ దుకాణాల్లో ముట్టుకుని చూసినవీ అన్నీ కలిపి రాస్తే అందరికీ పనికొస్తుందనిపించింది.

నేను రోజూ వాడేది కోర్గ్ ఎంఏ-2. అరచేతిలో పట్టే డిజిటల్ మెట్రోనోమ్. రిమోట్‌లో వేసే సన్న సెల్స్ రెండు వేస్తే నడుస్తుంది. అవి వీధి చివర కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి. కొన్నప్పుడు రెండు వేల చిల్లర అయింది. నిమిషానికి 30 దెబ్బల నుంచి 252 దాకా వేగం పెట్టుకోవచ్చు. తెర మీద లోలకంలాంటి గీత ఒకటి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, ఇయర్‌ఫోన్ పెట్టుకోవడానికి రంధ్రం ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు, పెద్దవాళ్ళకు నేను మొదట చెప్పేది దీని పేరే. ఎందుకో చెబుతాను, దీనితో కుదరనివి కూడా చెబుతాను.

మెట్రోనోమ్ చేయాల్సిన పని ఒక్కటే: మనం ఎక్కడ తొందరపడ్డామో, ఎక్కడ వెనకబడ్డామో చెవికి తెలిసేలా చేయడం. వయొలిన్‌లో ఇది ఎలా ఉంటుందో చూడండి. మొదటి సరళీ వరసలో స రి గ మ ఒక తీగ మీద పలుకుతాయి, ప ద ని స పక్క తీగ మీదికి వెళతాయి. పిల్లలు 'మ' నుంచి 'ప'కు వెళ్ళేటప్పుడు కమాను తీగ మారాలి కదా, అక్కడ రెప్పపాటు ఆగుతారు. ఆ ఆగింది వాళ్ళకు తెలియదు, ఎందుకంటే ఆ క్షణంలో మనసంతా కమాను మీదే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు కథ వేరు. స ని ద ప అవరోహణలో వేళ్ళు తీగ మీంచి లేవడమే తప్ప కొత్తగా వెయ్యడం ఉండదు కాబట్టి పరుగు మొదలవుతుంది. ఎక్కేటప్పుడు వెనకబాటు, దిగేటప్పుడు పరుగు. మొత్తం ఆవర్తనం (తాళం ఒక చుట్టు) చూస్తే సమయం దాదాపు సరిపోతుంది, అందుకే పక్కన కూర్చున్న అమ్మకు కూడా తేడా పట్టుబడదు. టిక్ పక్కన పెట్టి వాయించమంటే మాత్రం మొదటి ఆవర్తనంలోనే 'ప' దగ్గర టిక్ ముందొచ్చి స్వరం వెనక పడటం పిల్లలే వింటారు. "టీచర్, అదే తొందరపడుతోంది" అని మెట్రోనోమ్ మీద చెబుతారు మొదట్లో. నెమ్మదిగా వాయించి చూపిస్తే ఒప్పుకుంటారు.

ఇది జరగాలంటే టిక్ వినబడాలి. వినడానికి చిన్న సంగతే అయినా కొనేటప్పుడు చాలామంది దీన్ని పట్టించుకోరు. వయొలిన్ ఎడమ చెవికి జానెడు దూరంలో మోగుతుంది. వాయించేవాళ్ళకు దాని శబ్దం పక్కన కూర్చున్నవాళ్ళకంటే ఎక్కువగా వినబడుతుంది. దానికి తోడు పైన ఫ్యాను, కింద రోడ్డు మీద ఆటోలు. బజార్లో చవకగా దొరికే కొన్నింటి శబ్దం కమాను గట్టిగా పడగానే మునిగిపోతుంది. ఎంఏ-2 శబ్దం మా గదికి సరిపోతుంది. అయినా ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యమే. సోఫా మీద, పరుపు మీద పెడితే సగం శబ్దం అందులోనే పోతుంది. నేల మీద కూర్చుని వాయించేటప్పుడు చెక్క పీట మీద పెడితే బాగా పలుకుతుంది. కుడి చెయ్యి కమాను లాగేటప్పుడు తగలకుండా కాస్త ముందుకు జరిపి పెట్టాలి. తెల్లవారుజామున సాధకం చేసే పెద్దవాళ్ళకు అపార్ట్‌మెంట్‌లో ఇబ్బంది ఉంటుంది కాబట్టి కుడి చెవిలో మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకోమంటాను. ఎడమ చెవి వయొలిన్‌కు వదిలేయాలి, లేకపోతే శ్రుతి జారినా తెలియదు.

ఇక్కడ ఒక లోపం చెప్పాలి. ఇలాంటి ఎలక్ట్రానిక్ మెట్రోనోమ్‌లలో వచ్చే 'పిప్' శబ్దానికి తనదైన స్థాయి ఒకటి ఉంటుంది. పక్కన తంబురా మోగుతుంటే అది ఒక్కోసారి అన్యస్వరంలా చెవిలో గుచ్చుకుంటుంది. తంబురా శబ్దం పెంచి, పిప్ శబ్దాన్ని వినబడీ వినబడనంత దాకా తగ్గిస్తే ఆ బాధ తగ్గుతుంది. శ్రుతి విషయంలో బాగా సున్నితంగా ఉండే గాత్రం వాళ్ళకు చెక్క మీద తట్టినట్టుండే శబ్దమే హాయిగా ఉంటుంది. వాళ్ళు కొనేముందు తప్పకుండా ఆ శబ్దం విని చూడాలి.

ఇప్పుడు ఎక్కువమంది పొరపడే చోటుకు వద్దాం. మెట్రోనోమ్ కొనగానే ఇళ్ళల్లో చేసేది ఏమిటంటే, మొదటి కాలానికి 60, రెండో కాలానికి 120, మూడో కాలానికి 240 పెట్టడం. అలా పెడితే ప్రతి స్వరానికీ ఒక టిక్ పడుతుంది, పిల్లలు దాని వెంట పడి వాయించేస్తారు, బాగానే ఉన్నట్టనిపిస్తుంది. కానీ మూడు కాలాలు నేర్చుకోవడంలో ఉన్న సారమంతా పోతుంది. తాళం వేగం మారకూడదు, అక్షరంలో, అంటే తాళంలో ఒక్కో దెబ్బలో, పట్టే స్వరాల సంఖ్య మారాలి. అక్షరానికి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. మెట్రోనోమ్ మూడు కాలాలకూ 60 దగ్గరే ఉండాలి. 60 మీద ఎనిమిది అక్షరాల ఆది తాళం ఒక ఆవర్తనానికి సరిగ్గా 8 సెకన్లు. ఆ 8 సెకన్లలో 8 స్వరాలు, 16 స్వరాలు, 32 స్వరాలు. మూడో కాలం అందకపోతే 60ని 50కో 46కో దించాలి. అప్పుడు మొదటి కాలం కూడా ఆ 46 మీదే వాయించాలి. నెమ్మదైన మొదటి కాలమే కష్టం. రెండు టిక్‌ల మధ్య అంత ఖాళీని కమానుతో నిండుగా నింపడం పెద్దవాళ్ళకే చేతకాదు. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు నమ్మరు, వాయించాక నమ్ముతారు.

ఎంఏ-2లో నాకు బాగా నచ్చింది దెబ్బల లెక్క. సున్నా నుంచి 9 దాకా పెట్టుకోవచ్చు. 4 పెడితే ప్రతి నాలుగో దెబ్బ తర్వాత మొదటి దెబ్బ వేరే శబ్దంతో మోగుతుంది, 7 పెడితే ఏడింటికొకసారి. సున్నా పెడితే అన్ని దెబ్బలూ ఒకేలా ఉంటాయి. నేర్చుకునే పిల్లలకు నేను సున్నానే పెట్టమంటాను. ఎక్కడ సమమో (తాళం మొదలయ్యే చోటు) యంత్రం చెప్పేస్తే పిల్లలు చెయ్యి వెయ్యడం మానేస్తారు. ఆది తాళంలో లఘువుకు ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, ఆ తర్వాత రెండు ద్రుతాలు, అంటే దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఇది వాళ్ళ చేతిలో, మనసులో ఉండాలి. వయొలిన్ పట్టుకున్నాక చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి ముందు నోటితో స్వరాలు పాడుతూ చేత్తో తాళం వెయ్యమంటాను. దానికి సున్నా మీద పెట్టిన టిక్ తోడు. ఆ తర్వాతే వయొలిన్.

అలంకారాల (ఏడు తాళాల్లో వాయించే స్వర పాఠాలు) దగ్గరికి వచ్చేసరికి ఈ సున్నా ఎంత అవసరమో ఇంకా బాగా తెలుస్తుంది. సప్త తాళాల్లో ధ్రువ తాళానికి 14 అక్షరాలు, మఠ్యానికి 10, రూపకానికి 6, ఝంపెకు 10, త్రిపుటకు 7, అటకు 14, ఏకానికి 4. దెబ్బల లెక్క 9 దగ్గర ఆగిపోతుంది కాబట్టి 10, 14 అక్షరాల తాళాలకు ఎలాగూ సున్నా తప్పదు. మిశ్ర చాపుకు 7 పెట్టుకోవచ్చు, కానీ మొదటి దెబ్బ ఒక్కటే తేడాగా మోగుతుంది తప్ప, మిశ్ర చాపులో ఉండే మూడు, నాలుగు అన్న విరుపు వినబడదు. ఆ విరుపు మన చెయ్యే వెయ్యాలి. ఇది తెలిసి కొనుక్కుంటే నిరాశ ఉండదు.

గతి భేదాలు (ఒక అక్షరాన్ని మూడుగా, అయిదుగా, ఏడుగా చీల్చడం) సాధన చేసేవాళ్ళకు ఒక కిటుకు చెబుతాను, ఇది వర్ణాలు (కీర్తనలకు ముందు నేర్చుకునేవి) అయిపోయిన పెద్ద పిల్లలకు. త్రిశ్ర గతి కావాలంటే ఇందులో ఒక దెబ్బను మూడుగా చీల్చే సౌకర్యం ఉంది, రెండుగా, నాలుగుగా కూడా చీల్చుకోవచ్చు. ఖండ గతికి, అంటే అయిదుకు, మిశ్ర గతికి, అంటే ఏడుకు ఆ సౌకర్యం లేదు. అప్పుడు లెక్క తిరగేయాలి. అక్షరం వేగం 40 కావాలనుకుంటే అయిదింతలు, 200 పెట్టి, దెబ్బల లెక్క 5 చెయ్యండి. ప్రతి అయిదో దెబ్బ తర్వాత మోగే వేరే శబ్దమే మీ అక్షరం, మధ్యలోవి తకతకిట. పరికరం పరిమితి 252 కాబట్టి ఖండ గతిలో అక్షరం వేగం 50 దాకా వెళ్ళొచ్చు. మిశ్ర గతిలో 7 పెట్టి 252కు వెళితే అక్షరం 36 మీద పడుతుంది, అంతకు మించి కుదరదు. సాధకానికి ఆ 36 చాలు. తకిట తకదిమి అని నోటితో స్పష్టంగా చెప్పడానికి మొదట్లో అంతకంటే వేగం అక్కర్లేదు.

మరో బటన్ గురించి తల్లిదండ్రులకు తెలియదు. ఒక బటన్‌ను వేలితో తాళానికి తగ్గట్టు కొడుతూ పోతే ఆ వేగం ఎంతో అంకె తెర మీద వస్తుంది. క్లాసులో బిడ్డ వర్ణం వాయిస్తుంటే పక్కన నేను మెల్లగా కొట్టి చూస్తాను. పల్లవిలో 66 ఉన్నది చిట్టస్వరాలకు (వర్ణంలో స్వరాల భాగం) వచ్చేసరికి 78 అయిందని అంకె చూపిస్తే, ఎవరూ ఎవర్నీ తిట్టాల్సిన పని ఉండదు. ఇంట్లో ఎంత పెట్టి సాధకం చెయ్యాలో పుస్తకంలో ఆ అంకె రాసి పంపుతాను.

సీకో ఎస్‌క్యూ50-వి అని ఇంకొకటి ఉంది. పదేళ్ళలోపు పిల్లలకు అదే మంచిదేమో అనిపిస్తుంది నాకు. ముందు భాగమంతా ఒక గుండ్రటి మీట, దాని చుట్టూ అంకెలు. తిప్పడమే, ఇంకేమీ లేదు. బటన్లు లేవు, మెనూ లేదు, ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో గుర్తు పెట్టుకోనక్కర్లేదు. 40 నుంచి 208 దాకా 39 అంకెలే ఉంటాయి. చదరపు తొమ్మిది వోల్టుల బ్యాటరీ కావాలి, అది ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. దెబ్బల లెక్కలు అవీ లేవు, పిల్లలకు అవి వద్దనే కదా నేనూ చెబుతున్నది.

ఆ అంకెలు చూసి ఒక నాన్నగారు అడిగారు, "60 తర్వాత 61 లేదేంటండీ, 63 ఉంది, ఇది పాడైందా?" అని. పాడవలేదు. అది లోలకం మెట్రోనోమ్ నుంచి వచ్చిన పద్ధతి. 60 దాకా రెండేసి, 72 దాకా మూడేసి, 120 దాకా నాలుగేసి, 144 దాకా ఆరేసి, ఆ పైన ఎనిమిదేసి పెరుగుతాయి. వేగం పెరిగేకొద్దీ ఒకటి రెండు దెబ్బల తేడా చెవికి అందదు, అందుకని అంకెల మధ్య దూరం కూడా పెరుగుతూ పోతుంది. రెండు బరువులున్న లోలకాన్ని 1814లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ అనే ఆయన తయారు చేశాడు. మేల్జెల్ దాన్ని తీసుకుని, అంకెల కొలత జోడించి, మెట్రోనోమ్ అని పేరు పెట్టి 1815లో పేటెంట్ తన పేరు మీద చేసుకున్నాడు. వెస్టర్న్ పుస్తకాల్లో అంకె పక్కన కనిపించే రెండు ఎమ్‌లలో మొదటిది ఆ మేల్జెల్‌దే, వింకెల్ పేరు ఎక్కడా లేదు. 1817లో బీథోవెన్ తన మొదటి 8 సింఫనీలకు ఈ అంకెలు ప్రకటించాడు. గ్రేడ్ పరీక్షల పిల్లలకు ఇది చెబితే పాఠంలో ఉన్న అంకెను ఊరికే దాటేయకుండా ఆగి చూస్తారు. ఎంఏ-2లో ఒక్కో అంకె చొప్పున పెంచుకోవచ్చు, కావాలంటే ఈ పాత మెట్ల పద్ధతిలోకీ మార్చుకోవచ్చు.

ఇక అసలు లోలకం మెట్రోనోమ్. గోపురంలా ఉండి, కీ తిప్పితే నడిచేది. జర్మనీలో విట్నర్ కంపెనీ తయారు చేసేవి ప్రసిద్ధం. చూడటానికి ఎంత అందంగా ఉంటుందో వినడానికీ అంత హాయిగా ఉంటుంది. ఆ టక్ టక్‌కు ఏ స్వరమూ ఉండదు, తంబురాతో పేచీ లేదు. లోలకం ఊగడం కంటికి కనబడుతుంది కాబట్టి తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మనసు ముందే పసిగడుతుంది. డిజిటల్‌లో ఇది నిజంగా తగ్గుతుంది, తెర మీద గీత ఊగినా అదీ ఇదీ ఒకటి కాదు. కానీ ఎంఏ-2కు కొన్ని రెట్ల ధర. సమంగా ఉన్న బల్ల మీదే పెట్టాలి, కాస్త ఏటవాలైనా ఒక టక్ పొడుగు, ఒక టక్ పొట్టి అయిపోతుంది. గంట ఉన్న మోడల్‌లో కూడా 2, 3, 4, 6 దెబ్బలకే గంట, చాపు తాళాలకు పనికిరాదు. కింద పడితే అంతే. పియానో ఉన్న ఇంట్లో, దాన్ని జాగ్రత్తగా చూసుకునే పెద్దవాళ్ళకు సరే. చాప మీద కూర్చుని సాధకం చేసే పిల్లల దగ్గర వద్దు.

ఇదే ఆకారంలో చవక ప్లాస్టిక్‌వి బజార్లో వస్తున్నాయి. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో చూపిస్తే కౌంటర్ మీద పెట్టి కాసేపు విన్నాను. బల్ల సమంగానే ఉంది, లోలకం మాత్రం కుంటుతోంది. "కొత్తది కదమ్మా, వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకోదు. సమంగా ఉన్న చోట కుంటే మెట్రోనోమ్ రేపు కూడా కుంటుతుంది, దాని పక్కన నేర్చుకున్న లయ కూడా అలాగే తయారవుతుంది. వెనక్కి పెట్టేసి వచ్చాను.

"ఫోన్‌లో ఫ్రీ యాప్ ఉంది కదా మేడం" అన్న మాటకు నేను ఎప్పుడూ కాదనను. యాప్‌లు లెక్కలో ఏమీ తక్కువ తినవు. తాళం ఎంతదైనా పెట్టుకోవచ్చు, 14 అక్షరాలకూ దెబ్బలు పెట్టుకోవచ్చు, విరుపులు కూడా మనమే వేసుకోవచ్చు. డబ్బు ఖర్చు పెట్టలేని ఇంట్లో ఫోన్ యాప్‌తో హాయిగా సాధకం చేసుకోమంటాను. కానీ ఒకటి గమనించాను. ఫోన్ పక్కనున్న బిడ్డ వర్ణం మధ్యలో ఒక్కసారైనా ఫోన్ వైపు చూస్తుంది. మెసేజ్ వస్తుంది, అమ్మకు ఫోన్ వస్తుంది, టిక్ ఆగిపోతుంది. ఉచిత యాప్ అయితే మధ్యలో ప్రకటన. సాధకం తెగిపోయాక మళ్ళీ మొదటి ఆవర్తనం నుంచి కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఇంట్లో పిల్లలున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. శబ్దం చాలదని కొందరు బ్లూటూత్ స్పీకర్‌కు కలుపుతారు. కొన్ని స్పీకర్లు శబ్దం లేని చోట తమంతట తాము నిద్రలోకి వెళ్ళిపోతాయి. 40, 46 లాంటి నెమ్మది వేగంలో రెండు టిక్‌ల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి టిక్ మొదలు మింగేసి చివర మాత్రం వినిపిస్తాయి. వైరు స్పీకర్ అయితే ఆ సమస్య రాదు.

తాళం మెషీన్ల గురించి కూడా అడుగుతుంటారు. బెంగళూరు రాడెల్ వాళ్ళ తాళమాల లాంటి ఎలక్ట్రానిక్ తబలాలు గొప్ప పనిముట్లు. వాటితో వాయిస్తుంటే కచేరీలో కూర్చున్నంత ఉత్సాహం వస్తుంది. అందుకే మొదట్లో వద్దంటాను. దెబ్బకూ దెబ్బకూ మధ్యనున్న ఖాళీని తబలా మోతలు నింపేస్తాయి, ఆ ఖాళీలోనే బిడ్డ తొందరపాటు బయటపడాలి. కీర్తనలు, స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) దాకా వచ్చినవాళ్ళు కొనుక్కుంటే డబ్బుకు విలువ. ట్యూనర్, మెట్రోనోమ్ రెండూ ఉన్న కోర్గ్ టీఎం-60 కూడా మంచి పరికరమే. ఏ శ్రుతికైనా తీగలు సరిచేసుకోవచ్చు, టిక్ కూడా వస్తుంది. అయితే శ్రుతి చెవితో చేసుకోవడం నేర్చుకునే వయసులో తెర చూసి తీగ బిగించడం నాకిష్టం లేదు. అది నా పట్టుదల అనుకోండి, మా పిల్లలకు మాత్రం కొనమని చెప్పను.

మెట్రోనోమ్ అంటేనే ఇష్టపడని పెద్దలు మన సంగీతంలో చాలామంది ఉన్నారు. వాళ్ళ మాటలో బలముంది. లయ అంటే సెకన్ల లెక్క ఒక్కటే కాదు. కృతిలో సంగతి సంగతికీ (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరు) ఊపిరి ఉంటుంది, మృదంగం వాయించే ఆయనతో మాటలాడుకున్నట్టు సాగుతుంది. ఆలాపనకు తాళమే లేదు. అక్కడ టిక్ పెట్టడం అన్యాయం, నేను ఎప్పుడూ పెట్టను. కానీ కాలప్రమాణం (పట్టిన వేగం) నిలబడటం అన్నది మన కచేరీ సంప్రదాయంలో ఎంత గౌరవమున్న గుణమో ఆ పెద్దలే చెబుతారు కదా. ఒకప్పుడు గురువుగారి ఇంట్లోనే ఉండి, రోజంతా ఆయన తొడ మీద పడే చెయ్యి వింటూ నేర్చుకునేవాళ్ళు. ఇప్పుడు బిడ్డ వారానికి రెండు గంటలు మా ఇంటికి వస్తుంది, మిగతా సాధకమంతా ఒంటరిగా చేసుకుంటుంది. ఆ ఒంటరి గంటల్లో తాళం వేసి చూపించే చెయ్యి ఒకటి కావాలి.

యంత్రం మీద ఆధారపడిపోకుండా నేను చేయించే సాధకం ఒకటుంది. వేగం పెట్టి రెండు ఆవర్తనాలు టిక్‌తో వాయించమంటాను. ఆ తర్వాత శబ్దం పూర్తిగా తగ్గించేస్తాను, పరికరం లోపల నడుస్తూనే ఉంటుంది, తెర నా వైపు ఉంటుంది. నాలుగు ఆవర్తనాలు అయ్యాక శబ్దం పెంచుతాను. బిడ్డ స్వరం, టిక్ ఒకేచోట పడ్డాయంటే ఆ పాఠం అయిపోయినట్టే. మొదట్లో అర అక్షరం దూరంలో పడుతుంది. కొన్నాళ్ళకు పావు అక్షరంలోకి వస్తుంది. ఒకరోజు కలుస్తుంది, ఆ రోజు బిడ్డ ముఖం చూడాలి. శబ్దాన్ని బటన్లతో మెట్లు మెట్లుగా కాకుండా వేలితో తిప్పి తగ్గించే పరికరమైతే ఇది సులువు, కొనేటప్పుడు అదీ చూసుకోండి.

హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయంటే, కోఠి, ఆబిడ్స్, సికింద్రాబాద్ వైపు వాయిద్యాల దుకాణాల్లో అడగండి. కోఠికైతే మెట్రోలో సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళే దూరమే. అన్ని మోడళ్ళూ అన్ని చోట్లా ఉండవు, ముందు ఫోన్ చేసి వెళ్ళడం మంచిది, లేకపోతే ఎండలో తిరగడమే మిగులుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వెనక్కి ఇచ్చే గడువు ఎంతో చూసుకోండి. దుకాణంలో కొన్నా, ఇంటికి వచ్చినా పరీక్ష ఒకటే: 60 మీద పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి అయిదు నిమిషాలు వదిలెయ్యండి. ప్రతి నిమిషానికీ సెకను, టిక్ కలిసి పడాలి. ఆ తర్వాత మీ వాయిద్యం తీసుకెళ్ళి అక్కడే వాయించి చూడండి. మా ఇంటి నుంచి పెట్టెతో సహా వయొలిన్ పట్టుకెళ్ళి వాయిస్తానంటే దుకాణం అతను స్టూల్ వేసి మరీ కూర్చోబెట్టాడు. వాయించకుండా మెట్రోనోమ్ శబ్దం సరిపోతుందో లేదో ఎవరూ చెప్పలేరు. వీణ, వేణువు వాళ్ళకు తక్కువ శబ్దం చాలు. మృదంగం వాళ్ళకు ఏ చిన్న పరికరమూ నేరుగా వినబడదు, ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్నదే తీసుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే టీచర్లకు ఒక మాట. మన దగ్గర టిక్ పెట్టి అవతల బిడ్డను వాయించమంటే ఎప్పటికీ కలవదు, శబ్దం వెళ్ళి రావడానికి ఆలస్యమవుతుంది. మెట్రోనోమ్ బిడ్డ గదిలోనే ఉండాలి. అప్పుడు టిక్, వయొలిన్ రెండూ ఒకే దారిలో మన దగ్గరికి వస్తాయి కాబట్టి లయ ఉన్నదున్నట్టు వినబడుతుంది. జూమ్‌లో అయితే టిక్‌ను గదిలో గోల అనుకుని అదే తీసేస్తుంది, అందుకని అవతలి వైపు ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయించండి. అది చేశాక కూడా టిక్ మాయమవుతుంటే మెట్రోనోమ్‌ను మైకుకు దగ్గరగా జరిపించి చూడండి.